మెట్లు లేని తలుపు

అవును బిడ్డా, పోయినసారి రైలుకు వెళుతూ నువ్వు ఫొటో తీసి, పుణె చేరాక ఫోన్‌లో పంపి అడిగిన ఆ తలుపు ఉత్తదేం కాదు. చిలకలగూడ గల్లీలో గోదాముగా మారిన ఆ పాత రాతి కట్టడానికి, పై అంతస్తు గోడలో, ఎక్కడానికి మెట్లే లేకుండా తలుపెందుకుందని కదా నీ అనుమానం. అది ఒకప్పుడు సినిమా హాలు. ఆ తలుపు ఆడవాళ్ళది.

రోడ్డు వైపు మూడు కమానులు మగవాళ్ళకు, గల్లీ వైపు ఇనుప మెట్లు మాకు. ఆ మెట్లెక్కి వెళితే జనానా, అంటే ఆడవాళ్ళు కూర్చునే బాల్కనీ. దాని ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ముదురు ఎరుపు పరదా. దీపాలు ఆరాక పరదా తెరవాలి, మళ్ళీ వెలిగేలోపు మూయాలి, కింద మగవాళ్ళు తలెత్తి చూసినా ఎవరూ కనబడకూడదు. ఆ తాడు లాగే పని మా అమ్మది. ఆట అయిపోవచ్చిందంటే ఆపరేటర్ చిన్న గంట కొట్టేవాడు, అమ్మ లేచి స్తంభం వెనక్కి వెళ్ళి తాడు పట్టుకునేది. అక్కడి నుంచి తెర కనబడదు. అందుకే అన్నేళ్ళు సినిమా హాల్లో పనిచేసిన మా అమ్మ ఒక్క సినిమా ముగింపూ చూడలేదు.

పనివాళ్ళ పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు; బడి లేని రోజు నేను ఆ ఇనుప మెట్ల మీదే కూర్చుని, మ్యాట్నీ అయ్యాక అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తూ కథ చెప్పించుకునేదాన్ని. మంచి పట్టులో ఆగిపోయేది.

“తర్వాతేమైందమ్మా?”

“గంట కొట్టిండ్రు బిడ్డా.”

ఒకనాడు నాకు ఏడుపొచ్చింది. “నీకు కథ చెప్పుడే రాదు, పో. మీ హాలంత దండుగ,” అన్నాను. అమ్మ నవ్విందనుకుంటాను, సరిగ్గా గుర్తులేదు. ఈమధ్య గుర్తుచేసుకోవడం కూడా అలసటగానే ఉంటోంది.

ఆ మరుసటి ఆదివారం లోపల గంట మోగడం మెట్ల మీద నాకు వినిపించింది. కాసేపటికి ఆడవాళ్ళ కేకలు. తలుపు తెరుచుకుంది; లోపల దీపాలు వెలిగి ఉన్నాయి, పరదా తెరిచే ఉంది. కొంగులు మొహాలకు కప్పుకుంటూ అందరూ ఆ తలుపులోంచి మెట్ల మీదికి తోసుకొచ్చారు. వెనకాలే మేనేజరు గొంతు: “ఏందమ్మా, సోయి ఉన్నదా లేదా? ఇజ్జత్ తీసినవ్ కదా! రేపటి సంది రాకు.”

అమ్మ ఆ తలుపులోంచి బయటికొచ్చింది. మెట్లు దిగి నా చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా ఆ సినిమా కథ మొత్తం చెప్పింది, చివరిదాకా, హీరోయిన్ కట్టుకున్న చీర అంచుతో సహా. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నాలుగిళ్ళలో అంట్లు తోమింది.

ఇప్పుడు ఆడా మగా పక్కపక్కనే కూర్చుంటున్నారు, మంచిదే. ముగింపు చూడాలంటే ఫోన్ మీద వేలు జరిపితే చాలు. నాకే ఏదీ చివరిదాకా చూసే ఓపిక లేదు, సగంలోనే కళ్ళు మూతలు పడతాయి. ఆ మెట్లు ఎప్పుడు కోసుకుపోయారో, తలుపు మాత్రం ఎందుకు వదిలేశారో తెలియదు. నీ ఫొటో చూసినప్పటి నుంచి మనసును ఒకటే తొలుస్తోంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అడగాలనుకుని, ఏం చెబుతుందోనన్న భయంతో అడగలేకపోయాను: అమ్మా, ఆ రోజు తాడు మర్చిపోయినవా, నా కోసం ఇడిచిపెట్టినవా?