మైకు ముందు మా అత్తయ్యగారు

రామచంద్రపురంలో నెలకో ఆదివారం ఎవరి కథ వాళ్లే చెప్పుకునే సభ ఒకటి జరుగుతోందని మా ఆఫీసులో విన్నాను. కాగితం చూసి చదవకూడదు, తమకు జరిగిందే చెప్పాలి. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే మా అత్తయ్యగారు, "నే... నేను చెబుతానమ్మా," అన్నారు. అందరం ఆవిడ వంక చూశాం. ఆవిడకు చిన్నప్పటినుంచీ నత్తి. ఆవిడ ఏ మాట మొదలుపెట్టినా మా ఇంట్లో ఎవరో ఒకరం అందుకుని పూర్తిచేసేస్తాం.

ఆదివారం పెందలాడే భోంచేసి రాజమండ్రి కాంప్లెక్సులో బస్సెక్కాం. కడియం, ద్వారపూడి, మండపేట మీదుగా గంటన్నర ప్రయాణం. కండక్టరు "ఎక్కడికండీ?" అనగానే నేను నోరు తెరిచాను. అత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. "రా... రామచంద్రపురం. రెండివ్వు బాబూ." అతను ఆగి, విని, టిక్కెట్లు చింపి ఇచ్చాడు. మండపేట దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చేలవైపు చూస్తూ పెదాలు కదుపుతూనే ఉన్నారు.

సభ బస్టాండుకు దగ్గర్లోనే, లైబ్రరీ మేడ మీద. యాభై మంది దాకా ఉంటారు. నడిపే ఆయన రిటైరైన మాస్టారు. నేను ఆయన్ని పక్కకు పిలిచి అత్తయ్యగారి నత్తి సంగతి చెప్పాను. "తొందరేం లేదండి. సాయంత్రం దాకా హాలు మనదే," అన్నారాయన.

అత్తయ్యగారు మైకు పట్టుకున్నారు. పెళ్లైన కొత్తలో అన్నవరం కొండ మీద జనంలో తప్పిపోయారట. మైకు గదికి వెళితే పేరడిగారు. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. వెనక జనం తోస్తున్నారు. మైకాయన, "మాటలు రాని ఆవిడొకరు ఇక్కడున్నారు, తాలూకు వారు రావాలి," అని చెప్పేశాడు.

"ఇం... ఇంట్లో ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. కానీ మళ్లీ పదిమందిలో నోరు విప్పలేదండి. ఆ మైకాయన ఇంకాస్త ఆగుంటే చెప్పేదాన్ని. నా పేరు స... స..."

అక్కడే ఆగిపోయారు. పేరు అందిద్దామని నేను సగం లేచాను. మాస్టారు చేత్తోనే కూర్చోమన్నారు. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు.

"సత్యవతి," అన్నారు అత్తయ్యగారు. "కొండ మీద అమ్మవారి పేరేనండీ నాదీ. ఆవిడ ముంగిట్లోనే చెప్పలేకపోయాను!"

హాలంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వారు.

సభ అయ్యాక ఒకావిడ వచ్చి అత్తయ్యగారి చేతులు పట్టుకుంది. "మా అమ్మాయికీ ఇంతేనండి. క్లాసులో చదవమంటే ఏడుస్తుంది. వచ్చే నెల తీసుకొస్తాను. మీరు మాట్లాడుతుంటే చూడాలి అది. వస్తారా?"

నేను తేదీ లెక్క చూసుకునేలోపే అత్తయ్యగారు, "వ... వస్తాను," అనేశారు.

తిరుగు బస్సులో ఆవిడ చిన్ననాటి సంగతులు చెబుతూనే ఉన్నారు. ఇన్నేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం, అందులో ఒక్కటీ నాకు తెలియదు. కథ చెప్పడానికి గొంతు బాగుండాలనుకునేదాన్ని. వినేవాళ్లకు ఓపిక ఉంటే సగం పని అయిపోతుందని ఆ మేడ మీద చూశాను. మీరూ వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం రెండు గంటలకల్లా చేరి మాస్టారికి పేరు చెప్పేయండి, ముందు చెప్పేవాళ్లకు కాలం కావలసినంత దొరుకుతుంది. మీతో వచ్చినవాళ్లు మైకు ముందు ఆగిపోతే మాత్రం మాట అందించకండి.