అడవిలో ఇంటర్నెట్టా?

నేనుండేది మధ్య ఆఫ్రికాలోని బంగీలో. అక్కణ్ణించే శాటిలైట్ ఫోన్ మీద పెర్త్ కంపెనీకి వైటూకే పని, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పని, చేస్తుంటాను. సెలవుకని సిడ్నీ వస్తే, ఈ రోజు వెస్ట్‌మీడ్‌లో తెలిసిన అంకుల్ వాళ్ళింట్లో బార్బీ, అదే, పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందు. అర్జెంటుగా ఓ ఫైలు పంపాలి, మీ ఇంటర్నెట్ వాడుకోనా అనడిగాను.

"ఆ అడవిలో ఇంటర్నెట్ కూడా ఉందిటమ్మా? చెట్టెక్కి పట్టుకుంటారా?" అని ఆయనే పగలబడి నవ్వి, ఇంటి ఫోన్ లైనుకే కనెక్ట్ చేసిచ్చారు.

ఫైలు సగం వెళ్ళిందో లేదో, లైన్ కట్. చూస్తే అంకులే, వంటింట్లో అదే లైను మీదున్న ఫోనెత్తి నిలబడ్డారు. ఆ చెట్టు జోకు బావమరిదికి చెప్పాలిట! మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఎత్తారు. "ఏమిటమ్మా, ఫోన్లో ఒకటే కీచుమని గోల?"

బంగీలో కరెంటు పోతుంది, నీళ్ళు పోతాయి. ఫైలు మాత్రం చేరుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, అడవి ఎక్కడుంది?