విడిచిన బట్టలు

పెళ్ళైన కొత్తలో నేను బడి నుంచి రాగానే మా ఆవిడ "చొక్కా విడవండి, నీళ్ళు తోడతా" అనేది. నేను నవ్వేవాణ్ణి. "మా జగ్గయ్యపేటలో విప్పుతాం. విడవడం మీ నందిగామ అమ్మమ్మల మాట."

తెలుగు పంతుల్ని. ఆ మాట ఎంత పాతదో తెలియకపోలేదు. 'విడు' నుంచి వచ్చింది. వదిలెయ్యడం, ఒంటి నుంచి దూరం చెయ్యడం. విడుదలా అందులోంచే పుట్టింది. గుళ్ళ దగ్గర చెప్పులు విడవమనే బోర్డుల్లో ఇంకా బతికే ఉంది. ఇంత తెలిసినవాణ్ణి, వాళ్ళింట్లో ఆ మాట వెనక ఉన్న పద్ధతేమిటో ఏనాడూ అడగలేదు. ఎవరు విడిచిన బట్ట వాళ్ళే బకెట్లో తడపాలి. స్నానం చేసినవాళ్ళు దాన్ని ముట్టుకుంటే, మళ్ళీ స్నానం చేశాకే దేవుడి దగ్గరికి వెళ్ళాలి.

నేను లేచేదే ఆమె స్నానం అయ్యాక. నా లుంగీ తలుపు వెనక, బనీను కుర్చీ మీద.

మొన్న కార్తీకంలో ఆమెకు జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. నందిగామ ఆస్పత్రిలో చేర్చాం. వరండాలో మా మరదలు నన్ను నిలబెట్టింది.

"బావగారూ, అక్క పొద్దున్నే రెండుసార్లు స్నానం ఎందుకు చేస్తుందో తెలుసా?"

"శుభ్రం ఎక్కువ కదా."

"శుభ్రమా! మీ బనీన్లు ఏరి. జ్వరంలోనూ ఏరింది. ఊరందరికీ పాఠాలు చెప్తారు, మీ ఇంట్లో బకెట్ ఎక్కడుందో తెలీదు!"

జబ్బు స్నానాల వల్లే వచ్చిందని డాక్టరు గారు అనలేదు. జ్వరంలో అన్నిసార్లు తడవకుండా ఉండాల్సిందన్నారు, అంతే. నాకది చాలింది. ఇరవై ఆరేళ్ళు ఆమె చేత రెండో స్నానం చేయించింది నేనే. అయిదు రోజులు ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ దగ్గు వింటూ, ఇది తగ్గకపోతే ఏం చెయ్యాలా అనే అనుకున్నాను.

ఆరో రోజు డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, "క్లియర్ అయిందండి, తీసుకెళ్ళండి" అన్నారు. ఆ సాయంత్రమే ఆమెను ఇంటికి తీసుకొచ్చాను.

మర్నాడు నా బట్టలు నేనే నానబెట్టా. ఆమె నెమ్మదిగా వచ్చి బకెట్లోకి చూసింది.

"ఏవండీ, తెల్ల పంచె, ఎర్ర తువ్వాలు కలిపి నానేశారా?"

పంచె గులాబీ రంగుకి తిరిగింది. ఆమె గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. రాలేదు.