తలకిందుల జవాబులు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. కానీ ఫోన్ల సంగతికొస్తే ఐదారేళ్ళ కిందటిది కూడా ఆ రోజుల్లోనే అయిపోతుంది కాబట్టి అలాగే మొదలుపెడతాను. ఆ రోజుల్లో నేను కర్నూలులో ఒక దూరవిద్యా కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగిని. అచ్చు పుస్తకాలను ఫోన్లో చదువుకునేట్టు మార్చడం నా పని. స్కానరు పుటను ఫొటో తీస్తుంది, కంప్యూటరు అందులోని అక్షరాలు పోల్చుకుంటుంది, అది పోల్చుకోలేనివి నేను టైపు చేస్తాను. (పోల్చుకున్నవాటిలో కూడా సగం మళ్ళీ నేనే టైపు చేసేవాణ్ణి.) అలా ఒకరోజు ఆర్థికశాస్త్రం పుస్తకం నా బల్లమీదికి వచ్చింది. దాన్ని రాసినాయన రిటైరైన లెక్చరరు, మాకందరికీ పెద్దసారు. ఆయన పుస్తకంలో ప్రతి పాఠం చివర ప్రశ్నలుంటాయి, అదే పుట అడుగున జవాబులు తలకిందులుగా అచ్చయి ఉంటాయి. ముందు సొంతంగా రాసి, తర్వాత పుస్తకం తిప్పి చూసుకోవాలని ఏర్పాటు. జవాబులు మామూలుగా పెట్టనా అని ఆయన్నే అడిగాను.

"వద్దప్పా. జవాబు నిటారుగా నిలబడుకోని ఉంటే పిల్లోల్ల కండ్లు ప్రశ్న మింద నిలుస్తాయా? పుస్తకం ఎట్లుండాదో అట్లే ఎక్కించు."

అట్లే ఎక్కించాను. ఒక్కొక్క జవాబునూ టైపు చేసి, బొమ్మగా మార్చి, తలకిందులు చేసి అతికించాను. ఆ పనితనం పక్క సీటాయనకు చూపించాను కూడా. ఆయన మెడ వంచి చూసి, టీకి వెళ్ళిపోయాడు.

పాఠాలు ఫోన్లలోకి వెళ్ళగానే ఫిర్యాదులు మొదలయ్యాయి. పుస్తకం తిప్పితే జవాబు మనవైపు తిరుగుతుంది. ఫోను తిప్పితే లోపలి పుట కూడా తిరిగిపోతుంది. నేను సరిచూసుకున్నది బల్లమీద కదలకుండా కూర్చున్న కంప్యూటరులో. (అలా తిరగకుండా ఆపే ఏర్పాటు ఫోన్లోనే ఉంటుందని మీరంటారు. నాకూ తెలిసింది, చాలా ఆలస్యంగా.) జమ్మలమడుగు వైపు నుంచి, మగ్గం నేస్తూ డిగ్రీ చదువుకుంటున్న ఒకావిడ ఫోన్ చేసింది.

"సారూ, ఫోను ఎట్ల తిప్పితే పుట అట్ల తిరుక్కుంటాంది. జవాబులు ఎట్ల చూడాల?"

"కొంచెం తల వంచి చూడండమ్మా."

"ఎంత వంచాల? మా పాప మంచం మింద పండుకోని, తల కిందికి యాలాడేసి సదివి చెప్తాంది. నేను ఈడ మగ్గంలో కూసోని ఇంటాండా. రెండు జవాబులకే బిడ్డకు కండ్లు తిరిగినాయి. ఇంకా శానా పాఠాలుండాయి."

ఆపుకోలేక నవ్వాను.

"నగుతాండారా? పరీక్ష మీరొచ్చి రాస్తారా సారూ?"

నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే మా ఆఫీసరు పిలిచి, సోమవారానికి సరికాకపోతే ఆ పుస్తకం తీసేసి వేరేవాళ్ళ వీడియోలు పెట్టేస్తామన్నాడు. పెద్దసారు జీవితంలో రాసింది ఆ ఒక్క పుస్తకమే. మరునాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళి, సంగతంతా చెప్పి, ఫోను చేతిలో పెట్టాను. ఆయన తిప్పారు. పుట తిరిగింది. మళ్ళీ తిప్పారు. చివరికి ఫోను కుర్చీలో పెట్టి, కుర్చీ వెనక్కి వెళ్ళి వంగి చూశారు.

"ఇదేందప్పా, నాకంటే మొండిది!"

నొక్కితే జవాబు కనపడేట్టు ఒక బటన్ పెడదామన్నాను.

"నొక్కేదానికి ఎంతసేపు? పుస్తకం తిప్పేటప్పుడు రవంత సిగ్గు పుడతాది. ఆ సిగ్గు యాడ పెడతావు నువ్వు?"

"క్లాసులో మీరేం చేసేవారు సార్?" అన్నాను.

"ఏం చేస్తా? రాసినావాప్పా అని అడుగుతా."

"లేదంటే?"

"ఏం తొందర, మల్లా సదువుపో అంటా."

ఆ మాటలే పెట్టాను. బటన్ నొక్కితే "రాసినావాప్పా?" అని అడుగుతుంది. అవునంటే జవాబు నిటారుగా వస్తుంది. లేదంటే "ఏం తొందర, మల్లా సదువుపో" అని ప్రశ్న దగ్గరికి పంపేస్తుంది. ఆ యాస చూసి ఆఫీసరు గొణిగాడు కానీ, సోమవారం వచ్చేసింది. పుస్తకం నిలిచింది. మగ్గం ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఆడమనిషిని పట్టుకోని అప్పా అంటాదేంది సారూ మీ పుస్తకం? అయినా దానికి అబద్ధం చెప్పబుద్ధి కాలే. లేదనే నొక్కినా."

పెద్దసారుకు ఆ మాట చేరవేశాను. ఆయన చాలాసేపు నవ్వారు.

పోయిన ఎండాకాలం ఆయన పోయారు. నేనిప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడప్పుడు ఆ పుస్తకం తెరుస్తాను. జవాబులన్నీ నాకు తెలుసు, నిటారుగానూ తెలుసు, తలకిందులుగానూ తెలుసు. అయినా బటన్ నొక్కుతాను. రాసినావాప్పా అంటుంది. జుట్టు పలచబడుతున్న మనిషిని, లేదని నొక్కి, మందలింపు కోసం ఎదురుచూస్తాను. ఏం తొందర అంటుంది. నాకూ ఏమీ తొందర లేదు.