యాల రాలేవో సెప్పు

మొన్న మదనపల్లెలో మా ఆఫీసు వాళ్లందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఒక పనిని మొదలుపెట్టి, అనుకున్న రోజుకు సక్రమంగా ముగించడం ఎలా అన్నది విషయం. కోటు వేసుకున్న కుర్రవాడు తెరమీద బొమ్మలు చూపిస్తూ, అడ్డంకులను ముందే కనిపెట్టాలనీ, పని చేసేవాళ్లను అడిగి తేదీ పెట్టుకోవాలనీ, ఇదంతా నిన్ననే తాను కనిపెట్టినట్టు చెప్పాడు. అందరూ రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ మాటలే ఇరవై ఏళ్ల కిందట మా పెద్దమ్మ చెబితే నోరు మూసుకుని మోయమన్నారు.

పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, నిమ్మనపల్లె దగ్గర మా పల్లెలో ఇరవై మంది ఆడకూలీల గుంపుకు పెద్ద. స్లాబు పోయడంలో ఆమె గుంపుకు పుంగనూరు దాకా పేరు. స్లాబు మొదలుపెడితే చివరిదాకా ఆగకుండా పోయాలి. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకులోంచి వాననీళ్లు కారతాయి. అందుకని ముందురోజు సాయంత్రం పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగేది. "రేపు వస్తావా?" అని ఎవరినీ అడిగేది కాదు. అలా అడిగితే అందరూ వస్తామనే అంటారు. "రేపు రాలేకపోతే యాల రాలేవో ఇప్పుడే సెప్పు" అనేది. ఎందుకు రాలేవని అడిగితేనే బయటపడేవి అసలు సంగతులు. ఒకామె ఆవు ఈనబోతోంది, ఇంకొకామె అత్త అలిగి కూర్చుంది. ఆవు దగ్గర ఎవరినైనా కాపలా పెట్టేది, అత్తకు తానే పోయి నచ్చజెప్పేది. ఒకసారి ఆ అత్తే మర్నాడు కాంక్రీటు మోసే బాండ్లీ పట్టుకుని పనికి దిగింది!

పుంగనూరు పక్కన ఒక బడికి గది కడుతూ, దాని స్లాబు పని పెద్దమ్మ గుంపుకు చెప్పారు. ఎవరో నాయకుడు ప్రారంభానికి వస్తానన్నాడని కాంట్రాక్టరు స్లాబును రెండు రోజులు ముందుకు జరిపాడు. ఆ రోజు సంత. పెద్దమ్మ ఎప్పటిలాగే తిరిగితే, గుంపులో తొమ్మిది మంది సంతకు పోవాల్సినవాళ్లని తేలింది. అప్పుడు నేను కుప్పంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవుకు వచ్చి ఉన్నాను. పొద్దున ఆమె వెంట నేనూ వెళ్లాను.

"రెండు దినాలు ఆగప్పా. మనుషులు సాలరు. ఈ పొద్దు మొదలుపెడితే సగంలో నిలిచిపోతాది" అంది పెద్దమ్మ.

"మోసేదానివి మోయి. నాకే సెప్తావా?" అన్నాడు కాంట్రాక్టరు, అంతమంది ముందర.

పెద్దమ్మ బరువు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. వచ్చిన ఆడవాళ్లు ఆమె వెనకే నడిచారు. అతను ఎక్కడెక్కడివాళ్లనో పోగేసి మధ్యాహ్నం మొదలుపెట్టాడు. పొద్దుగూకేసరికి సగమే అయింది. మిగతా సగం మర్నాడు అతికించారు. మొదటి వానకే అతుకు వెంట ధార కట్టింది. అప్పుడు ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "ఆడోళ్లు పని మధ్యలో ఇడిసిపెట్టి పోయినారు" అన్నాడు! మొదలే పెట్టని పనిని మధ్యలో ఎలా వదిలేస్తారని అడిగిన మొనగాడు లేడు. పెద్దమ్మ గుంపును మళ్లీ ఎవరూ స్లాబుకు పిలవలేదు. ఇరవై మందిని నడిపించిన మనిషి మదనపల్లె మండీలో కూర్చుని టమోటాలు ఏరింది.

నా ఘనత కూడా చెప్పాలి. ఆ బడి హెడ్మాస్టరు ఒకరోజు బస్టాండులో కనిపించి, "మీ పెద్దమ్మ పని వదిలేసి పోయిందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. కాంట్రాక్టరుకు మా ఆఫీసులో పలుకుబడి. నాది కొత్త ఉద్యోగం. "నాకు సరిగ్గా తెలియదు సార్" అని బస్సెక్కాను.

శిక్షణ ముగిశాక వచ్చిన ఆదివారం పెద్దమ్మ దగ్గరికి పోయాను. అనపకాయలు ఒలుస్తూ ఉంది. "ఆ పొద్దు నువ్వు చెప్పిందే న్యాయం పెద్దమ్మా" అన్నాను.

ఆమె తలెత్తకుండానే, "అది నాకు తెలీదామ్మా? బస్టాండులో ఆ అయ్యోరు అడిగినప్పుడు సెప్పింటే బాగుండు. ఆయప్ప సనిపోయి శానా దినాలాయ" అంది.

ఆ సంగతి ఆమెకు తెలుసని నాకు అంతవరకూ తెలియదు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా చెప్పిన నిజం, చెప్పినవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదు.