సరోజ మేడమ్ వెండి కుండ

చెన్నై షోళింగనల్లూరులోని మా పరీక్షశాలలో నిన్న ఒక కొత్త మట్టి ఫిల్టరు తడిపి కిటికీలో పెట్టాను. తడిమట్టి వాసన గదంతా పరుచుకుంది. కాసేపు నేనెక్కడున్నానో మరిచిపోయాను. తొంభైల నాటి వాషర్‌మెన్‌పేట్, మేడ మీద రేకుల గది, స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చున్న సరోజ మేడమ్ కళ్ల ముందు కదిలారు.

కాలేజీలో నాకు కెమిస్ట్రీ చెప్పింది ఆవిడే. చదువయ్యాక సాయంత్రాలు ఆవిడ దగ్గర పనిచేసేదాన్ని. వెండి ఉప్పు కలిపిన నీళ్లను సన్నని మంట మీద వేడి చేస్తుంటే, ఏ రంగూ లేని ఆ నీళ్లలో మెల్లగా లేత పసుపు పుట్టుకొచ్చేది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. అది కంటికి ఆనని వెండి రేణువుల రంగు. ఇప్పుడందరూ నానో అంటున్నది దాన్నే. ఆ నీళ్లు మట్టికుండ లోపల పూసి ఆరబెడితే, కుండ గోడల్లోంచి ఊరుతూ కిందికి దిగే నీళ్లలో క్రిములు చస్తాయని మేడమ్ నమ్మకం. కరెంటు అక్కర్లేదు, కిరసనాయిలూ అక్కర్లేదు.

మొదటి కుండ మా వీధి కామాక్షమ్మకు ఇచ్చాం. ఏడాది నిండని ఆమె కూతురికి ఊరికే విరేచనాలు పట్టుకునేవి. రేషన్ కిరసనాయిలు వంటకే చాలక, నీళ్లు కాచడానికి ఆమె నానా అవస్థా పడేది. కుండ నీళ్లను వారం వారం పరీక్ష మందు వేసిన ఒక చిన్న సీసాలో పట్టి పెట్టేవాళ్లం. నీళ్లు చెడ్డవైతే సీసా నల్లబడుతుంది. మూడు వారాలు నల్లబడలేదు. నా సంబరం పట్టలేక, ఇక కాచనక్కర్లేదని మేడమ్‌ను అడక్కుండానే కామాక్షమ్మకు చెప్పేశాను.

నాలుగో వారం సీసా నల్లగా మారింది. మేడమ్, నేను పరుగున వెళ్లేసరికి పాప తల్లి ఒళ్లో వడలిపోయి ఉంది. ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కుతుంటే మేడమ్ మెల్లగా కుండ సంగతి అడిగారు.

“శుక్రవారం గదమ్మా, చింతపండేసి పీచుతో బాగా తోమితిని. లోపల పసుపుపచ్చగా పట్టిండె, మురికనుకొంటి,” అంది కామాక్షమ్మ.

కాచొద్దని చెప్పింది నేనేనని అప్పుడు ఒప్పుకున్నాను. మేడమ్ కామాక్షమ్మ చెయ్యి పట్టుకుని, “తప్పు నీది కాదు కామాక్షీ. మీరు గిన్నెలు ఎట్లా తోముతారో చూడకుండా కుండ చేసినాను,” అన్నారు.

పాప రెండు రోజుల్లో తేరుకుంది. తర్వాత నెల్లాళ్లు మేడమ్ కామాక్షమ్మ వంటింటి గడపలో కూర్చుని తోమడం చూశారు. ఈసారి వెండిని పైపైన పూయకుండా మట్టిలోనే కలిపి కాల్పించారు. ఎంత తోమినా సీసాలు నల్లబడలేదు. ఆ ఫలితాలు చదవమని ఆవిడకు ఒక పెద్ద శాస్త్రవేత్తల సభ నుంచి పిలుపు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే కామాక్షమ్మ మేడెక్కి వచ్చింది.

“ఇంక నీళ్లు కాచకుండా పాపకు తాపొచ్చునా అమ్మా?”

మేడమ్ స్టవ్ దగ్గర్నుంచి లేచారు. “నాకింకా తెలీదు. కాచే తాపు,” అని, తన కిరసనాయిలు డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఇంకా ఖాయం కాలేదని సభకూ వెళ్లలేదు.

ఇప్పుడు ఫిల్టర్ల పరీక్ష నివేదికల మీద సంతకం పెట్టే ఉద్యోగం నాది. తొందరపెట్టే వాళ్ల ముందు ‘నాకింకా తెలీదు’ అనడం ఈ వయసులోనూ తేలిక కాదు. అయినా అంటాను. ఆ రోజు డబ్బా అందుకుని మెట్లు దిగుతూ, “ఈయమ్మ కాచకుండా తాపమని ఎప్పుడంటే అప్పుడే తాపుతా,” అని కామాక్షమ్మ తనలో తాను అనుకోవడం నేను విన్నాను.