కుడిచెయ్యే కావాలన్నారు

ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు పౌరహక్కుల పాఠం చెప్పాను. ఆ హక్కుల సంగతి నాకు తెలిసింది మాత్రం రిటైరయ్యాక, ఒక మధ్యాహ్నం పూట.

పోలీసుల మీద పైన హక్కుల కమిషన్‌కి వెళ్ళిన ఫిర్యాదుల్లో కొన్నిటిని, ఊళ్ళోనే కూర్చోబెట్టి సర్దమని కిందికి పంపుతారు. అందుకు మా మాచర్లలో ఒక కమిటీ. ఒక వకీలు, మూడు పార్టీలు మారిన ఒక మిర్చి రైతు, నేను. నా పని రాయడం. దస్తూరి బాగుంటుందని పిలిచారు, బుర్ర బాగుంటుందని కాదు.

ఆ రోజు ఫిర్యాదు మా వీధి చివర బైకులు బాగుచేసే సాయిబుది. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు, సంతకం చెయ్యడం నేర్పింది నేనే. ఎవడో దొంగబండి తెచ్చి రిపేరుకిచ్చిపోతే, హెడ్ కానిస్టేబుల్ ఇతన్ని పట్టుకెళ్ళి రెండు రోజులు కొట్టాడు. అసలు దొంగ దొరికాక వదిలాడు. కుడిచేతి వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు. స్పానర్ పట్టుకోలేడు. పైగా బజారు నోరొకటి: "ఊరికే కొడతారా ఏంది? ఏదో ఉండే ఉంటది." షాపుకి బండ్లు రావడం ఆగిపోయింది.

"కోర్టుకి పోతా టీచరమ్మా" అన్నాడు మొదట.

"పిచ్చోడా, కోర్టంటే నీ పిల్లల పెళ్ళిళ్ళయినా తేలదు. కమిషన్‌కి అర్జీ పెట్టు, మా దగ్గరికే వస్తుంది, ఒక్క పూటలో తేలుస్తాం" అన్నాను. నా నోరు పడిపోను!

అతనడిగింది ఒకటే. "రూపాయి వద్దు. ఏ తప్పూ చెయ్యనోణ్ణి కొట్టానని ఆయన రాసియ్యాల. షాపులో తగిలించుకుంటా."

హెడ్డు రాగానే రైతు లేచి కుర్చీ వేశాడు. సాయిబు నిలబడే ఉన్నాడు. కూర్చోమని నేనూ అనలేదు.

"ఏందిరా, మా మీద అర్జీలు పెట్టేంతోడివయ్యావా?" అని నవ్వాడు హెడ్డు. మేమూ నవ్వాం.

"అట్టా రాసిస్తే ఆయన ఉద్యోగం పోద్దయ్యా. పిల్లలుండారు. అపార్థం జరిగిందని రాద్దాం" అన్నాడు వకీలు.

"నాకూ పిల్లలుండారు సార్."

"అందుకే చెప్తున్నా. రేపు ఇంకో దొంగబండి నీ షాపుకి రాదని ఏముంది?" అన్నాడు రైతు, చాలా ప్రేమగా.

సాయిబు నా వైపు చూశాడు. నేను పెన్ను మూత తీశాను.

మా పల్నాట్లో రాజీ అంటే నలుగురి ముందు చేతులు కలపాల్సిందే. లేకపోతే మాట కుదిరినట్టు కాదు. పైకి పంపడానికి ఫొటో కూడా కావాలి. సాయిబు ఎడమచెయ్యి చాపాడు.

"ఎడమచెయ్యి ఇస్తావేందిరా? మర్యాద తెలవదా?" అని గద్దించాడు రైతు.

"కుడిది పనిచెయ్యదు సార్."

"ఫొటోకి పనిచేస్తదిలే."

హెడ్డు ఆ చెయ్యి అందుకుని గట్టిగా నొక్కాడు. ఫోనుకేసి నవ్వుతూ, ఫొటో సరిగ్గా వచ్చేదాకా నొక్కిపట్టాడు. సాయిబు అరవలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు జారాయి.

"పాపం, ఎంత కదిలిపోయాడో చూడండి. అది కూడా రాయండి మేడమ్" అన్నాడు వకీలు.

రాశాను. థూ, నా బతుకు! ఫిర్యాదుదారు ఆనందబాష్పాలు రాల్చాడని గుండ్రటి అక్షరాలతో రాశాను.

సంతకానికి అతని వేళ్ళ మధ్య పెన్ను నిలవలేదు. రెండుసార్లు కింద పడింది. "వేలిముద్ర వేయించండి, ఎడమ బొటనవేలు" అన్నాడు వకీలు. దానికి మాత్రం ఎడమచెయ్యి మర్యాదే అయింది. నల్లటి ముద్ర పడ్డాక, సంతోషం, సంతోషం అంటూ అందరూ టీలు తాగారు.

మెట్ల దగ్గర సాయిబు ఆగి తన కాపీ చదువుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కొక్క లైనూ.

"టీచరమ్మా, నా చెయ్యి సంగతి ఇందులో ఎక్కడుంది?"

కాగితం తీసుకుని వెతికాను. నేను రాసిందే కదా, ఎక్కడుందో నాకు తెలియదా? అయినా వెతికాను. చెయ్యి ఒక్కచోటే ఉంది. చివరి లైనులో, ఇద్దరూ చేతులు కలిపారన్న చోట.